వేప్ కాయిల్ ఎందుకు మాడుతోందని అడిగారు, ముందు ఆ మూడు వారాల దగ్గు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 27. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తాను. సిగరెట్లు మానేద్దామని ఏడాదిగా వేప్ (లిక్విడ్‌ను కాయిల్ అనే తీగచుట్టతో వేడి చేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్) వాడుతున్నాను, హైదరాబాద్‌లో ఉండే ఫ్రెండ్ తెచ్చిస్తాడు. ఇదివరకు ఒక్కో కాయిల్ రెండు వారాలు వచ్చేది, ఇప్పుడు నాలుగైదు రోజులకే మాడు వాసన వస్తోంది. విప్పి చూస్తే దూది నల్లగా మాడి, తీగ మీద బంక పేరుకుని ఉంటోంది. ఎందుకిలా అవుతోంది? అసలు కాయిల్ ఎన్ని రోజులు రావాలి? మాడిన ఆవిరి పీలిస్తే ఏమన్నా అవుతుందా? మూడు వారాల నుంచి దగ్గు కూడా ఉంది, సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన లీవోఫ్లాక్సాసిన్ గోళీలు ఐదు రోజులు వేసుకుంటే తగ్గింది, మళ్లీ మొదలైంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కాయిల్ గురించి ఇంత వివరంగా రాసి, దగ్గు గురించి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ రెండు ముక్కలే, అందుకే ముందు వాటికే జవాబు చెప్తాను.

దగ్గు రెండు వారాలు దాటిందంటే, పొగ తాగేవాళ్లయినా తాగనివాళ్లయినా తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాల్సిందే. దానికి సాయంత్రం జ్వరం కూడా తోడైతే, టీబీ కాదని తేలేదాకా మేం ఆ అనుమానం వదలం. మీకు టీబీ ఉందని నేను అనట్లేదు, ఉత్తరం చదివి ఆ మాట ఎవరూ అనలేరు. మిల్లులో ఊక దుమ్ము వల్ల వచ్చిన ఉబ్బసం కావచ్చు, మామూలు న్యుమోనియా కావచ్చు, వేప్ వల్లనే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి ఉండొచ్చు. 2019లో అమెరికాలో వేప్ వాడే కుర్రవాళ్లు దగ్గు, జ్వరం, ఆయాసం, వాంతులతో వరుసపెట్టి ఆస్పత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆ సంఖ్య 2,800 దాటింది, 68 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది గంజాయి నూనె ఉన్న లిక్విడ్ పీల్చినవాళ్లు, అందులో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ మీదే అనుమానం గట్టిగా నిలిచింది. మీ బాటిల్‌లో అది ఉందని కాదు. ఏముందో మాత్రం మీకూ తెలియదు, తెచ్చిచ్చే ఫ్రెండ్‌కూ తెలియదు.

ఇప్పుడు ఆ గోళీల సంగతి, కొంచెం కోపంగానే చెప్తున్నాను. లీవోఫ్లాక్సాసిన్ మామూలు దగ్గు మందు కాదు. మొండి టీబీకి, అంటే మొదటి రకం మందులకు లొంగని టీబీకి మేం వాడే మందుల్లో అదొకటి. నిజంగా టీబీ ఉన్న మనిషి దాన్ని ఐదు రోజులు మింగితే క్రిములు కొన్ని చస్తాయి, జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, బాగైపోయిందనుకుని మళ్లీ పనిలోకి పోతాడు. మిగిలిన క్రిములు లోపలే ఉంటాయి. ఆ సమయంలో తెమడ పరీక్ష చేస్తే క్రిమి దొరక్కుండా తప్పించుకునే అవకాశం ఉంది, ఇలా మాటిమాటికీ చేస్తే ఆ మందే రేపు పనిచేయకుండా పోవచ్చు. మీకు తగ్గి మళ్లీ మొదలైందని రాశారు చూడండి, నన్ను భయపెట్టేది సరిగ్గా అదే. నల్లగొండ చుట్టుపక్కల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే మూడు రకాల యాంటీబయోటిక్స్, రెండు సిరప్‌లు, ఏ ఆర్‌ఎంపీ దగ్గరో స్టెరాయిడ్ సూది కూడా వేయించుకుని, అన్నీ అయిపోయాక వస్తారు. వాళ్లకు రోగం పట్టుకోవడమే సగం పని అయిపోతుంది. దయచేసి ఇంకో గోళీ కూడా వేసుకోకండి. వేసుకున్న వాటి అట్టలు పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.

మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రికి పోండి, లేదంటే నల్లగొండ జనరల్ ఆస్పత్రికి రండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీబీ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. తెమడ పొద్దున లేవగానే, నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలి నుంచి దగ్గి డబ్బాలో పట్టాలి. చాలామంది ఉమ్మి పట్టి ఇచ్చేస్తారు, దాంట్లో ఏమీ కనపడదు. సీబీనాట్ పరీక్ష దొరికితే అదే చేయమనండి, క్రిమి ఉందో లేదో చెప్పడంతో పాటు టీబీకి మొదట వాడే రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు వేప్ సంగతి దాచొద్దు. పక్కన నాన్నో మామో ఉన్నారని చెప్పరు, మాకేమో ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తుంది కానీ కారణం తోచదు. వాళ్లను బయటికి పంపమని అడగండి, పంపిస్తాం. తెమడలో రక్తం పడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కన్నా తక్కువ చూపించినా పొద్దుటిదాకా ఆగకుండా అప్పుడే పోవాలి.

ఇక మీ కాయిల్. సన్నటి తీగ, నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్ గానీ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతల్ గానీ అయి ఉంటుంది. దానికి ఆనుకుని ఉన్న దూది లిక్విడ్ పీల్చుకుంటే తీగ వేడికి అది ఆవిరవుతుంది. తడి ఉన్నంతసేపే తీగ వేడి అదుపులో ఉంటుంది, ఎందుకంటే లిక్విడ్‌లోని ప్రొపిలీన్ గ్లైకాల్ సుమారు 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతూ ఆ వేడిని లాగేసుకుంటాయి. తడి ఆరిందా, వేడి ఒక్కసారిగా పెరిగి దూది మాడుతుంది. మీరు చూసిన బంక తీపి లిక్విడ్‌ది. పండ్ల ఫ్లేవర్లలో వేసే సుక్రలోజ్ లాంటి తీపి పదార్థాలు ఆవిరైపోకుండా బెల్లం పాకం అడుగంటినట్టు తీగకు పడతాయి. ఊపిరి ఊపిరికీ గ్యాప్ లేకుండా లాగినా, పవర్ ఎక్కువ పెట్టినా, లిక్విడ్ మరీ చిక్కగా ఉన్నా, కొత్త కాయిల్ దూది పూర్తిగా నానకముందే మొదలుపెట్టినా ఇదే జరుగుతుంది. మామూలుగా ఒకటి రెండు వారాలు వస్తుంది, తీపి లిక్విడ్‌తో ఎక్కువ లాగేవాళ్లకు మూడు నాలుగు రోజులే.

మీరు అడగని మాట ఒకటి ఇందులో ఉంది. రెండు వారాలు వచ్చే కాయిల్ నాలుగు రోజులకే పోతోందంటే, లిక్విడ్ మారి ఉండకపోతే, మీరు ఇదివరకటి కన్నా చాలా ఎక్కువ పీలుస్తున్నారన్నమాట. సిగరెట్ మానడానికని మొదలుపెట్టిన మనిషికి నికోటిన్ అలవాటు తగ్గాలి గదా, పెరుగుతోంది.

మాడిన ఆవిరి సంగతి అడిగారు. అవును, చెడ్డదే. గ్లిజరిన్, గ్లైకాల్ అంత వేడికి విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. వంటింట్లో నూనె మాడితే కళ్లు మండించే ఘాటులో ఉండేది ఈ ఎక్రోలినే, ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేదని తేలిన పదార్థం. ఆవిరిలో నికెల్, క్రోమియం, సీసం కూడా దొరికాయి. అయితే కొత్త కాయిల్ వేస్తే సరిపోతుందని మాత్రం నా నోటితో చెప్పించకండి. మాడు వాసన రాని ఆవిరిలోనూ నికోటిన్ ఉంటుంది, ఈ పదార్థాలూ తక్కువగానైనా ఉండొచ్చు, ఇప్పుడున్న దగ్గులో అది అసలే పనికిరాదు. ఇవాళే ఆపండి. మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. తెచ్చిచ్చే ఫ్రెండ్ డబ్బులు తీసుకుని అమ్ముతున్నట్టయితే మొదటిసారి దొరికినా ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చని అతనికీ చెప్పండి.

ఆపమన్నానని మళ్లీ సిగరెట్‌కు పోవద్దు. నికోటిన్ గమ్ ఉంది, 2 మిల్లీగ్రాములా 4 మిల్లీగ్రాములా అన్నది మీ అలవాటును బట్టి డాక్టర్ చెప్తారు. చూయింగ్ గమ్ లాగా గబగబా నమలకూడదు, నాలుక చురుక్కుమనగానే నమలడం ఆపి దవడ పక్కన పెట్టుకోవాలి, దానికి పావుగంట ముందు టీ తాగొద్దు. 1800-11-2356 నంబర్‌కు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా చెప్తారు.

పాప విషయం. మీకు టీబీ అని తేలితే పాపను, ఇంట్లో మిగతావాళ్లను కూడా పరీక్షకు తీసుకురావాలి. ఈలోపు దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి, పాపను పక్కలో పడుకోబెట్టుకోవద్దు. ఆ లిక్విడ్ బాటిల్ ఇంట్లోంచి తీసేయండి, పండ్ల వాసనకు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కొంచెం మింగినా వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటిదేమైనా జరిగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేసి, బాటిల్ కూడా వెంట పట్టుకుని ఆస్పత్రికి పోండి.