నా సంతకం కింద సార్ సంతకం

హైదరాబాద్ దగ్గరి హకీంపేట వాయుసేన స్టేషన్‌లో జెట్ ట్రైనింగ్ ఇచ్చిన పాత స్క్వాడ్రన్ లీడర్లు ఎవరైనా గుర్తున్నారా అని అడిగారు. బాగా గుర్తున్నారు. నేను పైలట్‌ని కాదు, ఇంజన్ ఫిట్టర్‌ని. 80ల చివర్లో నాలుగేళ్లు అక్కడి ఫైటర్ ట్రైనింగ్ వింగ్‌లో పనిచేశాను.

ముందు ఒక మాట. స్క్వాడ్రన్ లీడర్ అన్న పేరు చూసి స్క్వాడ్రన్ మొత్తానికీ, అంటే ఆ విమాన దళానికంతటికీ, ఆయనే పెద్ద అనుకుంటారు చాలామంది. మన వాయుసేనలో ఆ బాధ్యత మామూలుగా పై ర్యాంకులో ఉండే వింగ్ కమాండర్‌ది. స్క్వాడ్రన్ లీడర్ అంటే ఆర్మీలో మేజర్‌తో సమానమైన ర్యాంకు. మా దగ్గర క్యాడెట్లకు పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ ర్యాంకు వాళ్లే.

అప్పుడు మా దగ్గరున్నవి పోలండ్ నుంచి తెచ్చిన ఇస్క్రా అనే ట్రైనింగ్ జెట్ విమానాలు. ముందు సీట్లో క్యాడెట్, వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్. ప్రతి విమానానికీ ఫారం 700 అని ఒక రికార్డు ఉంటుంది. విమానం సిద్ధంగా ఉందని మేం సంతకం పెట్టాలి, అది చూసి పైలట్ సంతకం పెట్టి ఎక్కాలి. నా చేతి పని మీద ఇద్దరి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని మొదట్లో రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు.

ఒక సాయంత్రం నా టూల్ బోర్డులో స్క్రూడ్రైవర్ కనపడలేదు. ఒక్కో పనిముట్టుకీ బోర్డు మీద దాని ఆకారం గీసి ఉంటుంది, ఖాళీ ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. అది ఏ ఇంజన్ దగ్గరో, కంట్రోల్ కేబుళ్ల మధ్యో ఉండిపోతే విమానం కూలిపోవచ్చు. వణుకుతూ వెళ్లి మా స్క్వాడ్రన్ లీడర్‌కి చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆ రోజు నేను ముట్టుకున్న విమానాలన్నీ ఆపించి, తనే టార్చిలైట్ తీసుకుని మాతోపాటు రెక్క కిందకి దూరారు. దాదాపు రెండు గంటల తర్వాత కాక్‌పిట్ నేల మీద, సీటు పట్టాల పక్కన దొరికింది. మోకాళ్లకి అంటిన గ్రీజు తుడుచుకుంటూ, "చెప్పావు చూడు, అదే ముఖ్యం. నువ్వు దాచిపెడితే మేం చచ్చేవాళ్లం" అన్నారు. తప్పు జరిగితే వెంటనే నోరు విప్పడం నేను ఆ రోజే నేర్చుకున్నాను.

1988లో ఒక వార్త కూడా ఆయన నోటే విన్నాం. స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బి. దేవయ్యకి మహావీర చక్ర ప్రకటించారని. కొడగు మనిషి. యుద్ధానికి ముందు ఆయనా ఇన్‌స్ట్రక్టరే. 1965 పాకిస్తాన్ యుద్ధంలో, సెప్టెంబర్ 7న అక్కడి సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లి, తన మిస్టేర్ యుద్ధవిమానం కంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్‌తో పోరాడి దాన్ని కూల్చారు, తను తిరిగి రాలేదు. అక్కడేం జరిగిందో మనవాళ్లకి చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. పతకం వచ్చేసరికి 23 ఏళ్లు గడిచిపోయాయి. "ఆయన కూడా మాలాగే పాఠాలు చెప్పిన మనిషి" అని మాత్రం అని, మా సార్ కాసేపు మాట్లాడలేదు.

అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది క్యాడెట్లు మొదటిసారి సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా, వెళ్లే రోజు. వెనక సీటు ఖాళీగా ఉంటుంది కదా, దాని బెల్టులు వదులుగా ఉంటే గాల్లో కంట్రోల్ స్టిక్‌కి చుట్టుకోవచ్చు. వాటిని బిగించి కట్టడం మా పని. కానీ ఆ సార్ ప్రతిసారీ తనే నిచ్చెనెక్కి, ముడి లాగి చూసి దిగేవారు. విమానం లేచాక టార్మాక్ అంచున నిలబడేవారు. ఎవరో తెచ్చిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయేది. అది తిరిగొచ్చి చక్రాలు రన్‌వేని తాకేదాకా ఆయన చూపు ఆకాశం మీద నుంచి కదిలేది కాదు.

కుర్రాడు దిగి సెల్యూట్ కొడితే భుజం తట్టి పంపేసేవారు. ఆ తర్వాత మళ్లీ నిచ్చెనెక్కి ఆ బెల్టులు తనే విప్పేవారు, తర్వాతి సార్టీలో, అంటే ఆ విమానం మళ్లీ ఎగిరినప్పుడు, ఆ సీటు తనదే కాబట్టి. నేను ఇంజన్ చూసి, ఫారం 700లో సంతకం పెట్టి ఇచ్చేవాణ్ని. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, దాని కింద తన సంతకం పెట్టేవారు.