మావగారి అద్దంలో తలకిందుల కొబ్బరిచెట్లు

ప్రశ్న: మా మావగారు గడ్డం గీసుకునే గుండ్రటి అద్దంలో దగ్గర నుంచి చూస్తే మొహం పెద్దగా కనిపిస్తుంది. అదే వరండాలో పెట్టి నాలుగడుగులు వెనక్కి వేస్తే కాలవ అవతలి కొబ్బరిచెట్లూ నేనూ తలకిందులు. మధ్యలో ఒక చోట ఏమీ ఆనదు, అంతా అలుక్కుపోతుంది. అద్దం పాడైందని ఇంట్లో గొడవ. నిజమేనాండీ?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అద్దం లక్షణంగా ఉందండీ, పారేయకండి. అది లోపలికి గుంటగా ఉండే రకం, బళ్లో పుటాకార దర్పణం అని బట్టీ పట్టించి వదిలేస్తారే, అదే. దూరం నుంచి వచ్చే వెలుతురుని ఒక చోటికి పోగేస్తుంది. ఆ చోటు నాభి, అద్దానికీ దానికీ మధ్య దూరం నాభ్యంతరం. మీరే కొలవచ్చు: పగటిపూట గదిలో కిటికీకి ఎదురుగా అద్దం పెట్టి, ముందు తెల్లకాగితం ముక్క అటూ ఇటూ జరపండి. కొబ్బరిచెట్లు బుల్లిగా, తలకిందులుగా, రంగులతో సహా కాగితం మీద తేటగా పడిన చోటికి టేపు పెడితే సరి.

అది 30 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మొహం 20 దగ్గర పెడితే తిరిగొచ్చే కిరణాలు కలవవు, విడిపోతూ వస్తాయి. కంటికేమో అద్దం వెనక 60 నుంచి వస్తున్నట్టుంటుంది, మొహం మూడింతలు, నిటారుగా. నిజానికి అక్కడ ఏమీ లేదు, గోడే! అందుకే దాన్ని మిథ్యా ప్రతిబింబం అన్నారు.

ఇప్పుడు 40కి జరగండి. తల నుంచి వచ్చిన వెలుతురు కిందికీ, గడ్డానిది పైకీ దాటిపోయి, తలకిందులైన ప్రతిబింబం అద్దం ముందు 120 దగ్గర, అంటే మీ తల వెనక ఏర్పడుతుంది. ఇంకా కలుసుకోని కిరణాలే దారిలో కంట్లో పడతాయి కాబట్టి అంతా అలుక్కుపోతుంది, మీ గొడవంతా ఇక్కడే. ఇంకా వెనక్కి వెళ్లి 120 దగ్గర నిలబడితే ప్రతిబింబం 40 దగ్గరికొస్తుంది, మీకు 80 సెంటీమీటర్ల ముందు, గాలిలో. అది కన్ను హాయిగా చూడగలిగే దూరం.

పంచాంగం చదివే భూతద్దానిదీ ఇదే లెక్క, కాకపోతే అది వెలుతురుని వెనక్కి కొట్టకుండా అవతలికి పంపుతుంది. బండి అద్దం మాత్రం బయటికి ఉబ్బి ఉంటుంది, అందులో ఎప్పుడూ నిటారే, ఎప్పుడూ చిన్నదే, కాబట్టి గట్టు రోడ్డు మీద వెనకొచ్చే కొబ్బరికాయల లారీ మీరనుకున్నంత దూరంలో లేదు.

అన్నట్టు, ఆ గుండ్రటి అద్దాన్ని ఎండ తగిలేలా వరండాలో వదిలేయకండి, ఎండని ఒక్క చుక్కకి పోగేసి ఎదురుగా ఉన్నదాన్ని కాల్చగలదు. మీది తాటాకు చూరైతే మరీను.