హైస్కూలు అబ్బాయికి ఏ ట్యూబా మంచిది: బి-ఫ్లాటా, సీయా, ఇ-ఫ్లాటా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర హైస్కూల్లో 10వ తరగతి. మూడేళ్లుగా స్కూలు వాళ్లిచ్చిన బి-ఫ్లాట్ ట్యూబా (బ్యాండులో అడుగు స్వరాలు పలికించే పెద్ద ఇత్తడి ఊదు వాయిద్యం) వాయిస్తున్నాడు. బ్యాండ్ డైరెక్టర్ అదే చాలంటారు. ప్రైవేటు పాఠాలు చెప్పే టీచరు సి ట్యూబా కొనమంటున్నారు. ఇంగ్లండులో ఉన్న మా బావగారు అక్కడి బ్రాస్ బ్యాండులో వాయిస్తారు, ఆయన ఇ-ఫ్లాట్‌ని మించింది లేదంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు:

ఈ ఏడాదికి మీ డైరెక్టర్ మాట వినండి. బి-ఫ్లాటే ఉంచండి, కాకపోతే స్కూల్లో నాలుగు వాల్వులది (వాల్వంటే నొక్కితే గొట్టం పొడవు పెంచే మీట) ఉంటే అది అడిగి తీసుకోండి. కాలేజీలో సంగీతమే చదువుతానని అబ్బాయి గట్టిగా అనుకుంటే 11వ తరగతి అయ్యాక వచ్చే సెలవుల్లో సి వైపు వెళ్లొచ్చు. ఇ-ఫ్లాట్ చక్కని వాయిద్యమే, కానీ టెక్సాస్ స్కూలు బ్యాండులో దాని అవసరం తక్కువ. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ తాము వాయించే బృందానికి పనికొచ్చేదే చెప్తున్నారు, అందుకే మాటలు కలవడం లేదు.

మన శ్రుతి లెక్కలో బి-ఫ్లాట్ అంటే ఆరున్నర, సి అంటే ఒకటి, ఇ-ఫ్లాట్ రెండున్నర, ఎఫ్ నాలుగు. వాల్వులేవీ నొక్కకుండా ఊదితే ఆ శ్రుతిలో షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, దాని మీద గాంధారం, ఇలా పలుకుతాయి. మిగతా స్వరాలన్నీ వాల్వులతో గొట్టం పొడవు పెంచి తెచ్చుకునేవే. వాల్వులు నొక్కనప్పుడు గొట్టం బి-ఫ్లాట్‌కి సుమారు 18 అడుగులు, సికి 16, ఇ-ఫ్లాట్‌కి 13, ఎఫ్‌కి 12. గొట్టం పొడుగైతే కింది స్వరాలు నిండుగా వస్తాయి. కానీ పైకి వెళ్లేకొద్దీ పలికే స్వరాలు ఒకదానికొకటి దగ్గరగా ఇరుక్కుంటాయి, పెదవి రవ్వంత తప్పినా పక్క స్వరం పలుకుతుంది. పొట్టి గొట్టంలో అదే ఎత్తున స్వరాల మధ్య ఎడం ఎక్కువ, కాబట్టి గురి సులువు.

1835లో బెర్లిన్‌లో సైనిక బ్యాండ్ల నాయకుడు వీప్రెహ్ట్, వాయిద్యాల తయారీదారు మోరిట్జ్ పేటెంట్ తీసుకున్న మొదటి ట్యూబా ఎఫ్‌లో ఉంది, అయిదు వాల్వులతో. జర్మనీ సంప్రదాయం ఇప్పటికీ దానికి దగ్గర్లోనే ఉంది: సోలోలకీ పై స్వరాలకీ ఎఫ్, ఆర్కెస్ట్రాలో బరువైన భాగాలకి పెద్ద బి-ఫ్లాట్. బ్రిటిష్ బ్రాస్ బ్యాండులో రెండు ఇ-ఫ్లాట్లు, రెండు బి-ఫ్లాట్లు కూర్చుంటాయి, అక్కడి ఆర్కెస్ట్రాల్లో కూడా ఇ-ఫ్లాట్ బాగా వాడతారు. అమెరికాలో స్కూళ్లు బి-ఫ్లాట్, పెద్ద ఆర్కెస్ట్రాలు సి. సి మీద అక్కడ ఉన్న గౌరవంలో ఆర్నాల్డ్ జేకబ్స్ పాత్ర పెద్దది. ఆయన 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో యార్క్ కంపెనీ సి ట్యూబా వాయించారు. ఆ వాయిద్యాన్ని చూసి తర్వాత యమహా, హిర్స్‌బ్రన్నర్ తమ నమూనాలు చేశాయి.

సి పక్షం వాళ్లు సాధారణంగా రెండు కారణాలు చెప్తారు. ఆర్కెస్ట్రా సంగీతంలో షార్పులు (అర శ్రుతి పెంచిన స్వరాలు) ఎక్కువ, అవి సిలో వేళ్లకి సులువు అన్నది ఒకటి. ఇది నాకు బలమైన వాదనగా అనిపించదు. సాధన చేసిన వేళ్లకి ఏ మేళమైనా ఒకటే. రెండోది, సి చురుగ్గా పలుకుతుంది, స్వరం మొదలు స్పష్టంగా వినిపిస్తుంది అన్నది. దీంట్లో నిజముంది. రెండడుగులు తక్కువ కదా, పైగా వృత్తి కళాకారుల కోసం చేసే మేలైన వాయిద్యాలు అమెరికా బజారులో ఎక్కువగా సిలోనే దొరుకుతాయి. బి-ఫ్లాట్ పక్షం వాళ్లు చెప్పే మాట కూడా అంతే నిజం: నాలుగు వాల్వుల బి-ఫ్లాట్ సి కంటే ఒక శ్రుతి కిందికి దిగుతుంది, బ్యాండు సంగీతం ఎక్కువగా ఫ్లాట్ల (అర శ్రుతి దించిన స్వరాల) మేళాల్లోనే రాస్తారు, పాతవి చవగ్గా దొరుకుతాయి.

ఇక మీ టీచరు చెప్పి ఉండకపోతే ఇది తెలుసుకోవాలి. అమెరికాలో ట్యూబా భాగాన్ని కింది స్వరాలకి వాడే అయిదు గీతల రాతైన బేస్ క్లెఫ్‌లో అసలు శ్రుతిలోనే రాస్తారు. అంటే వాయిద్యం మారితే వేళ్లన్నీ మారతాయి. బేస్ క్లెఫ్ గీతలకి కిందనే ఉండే ఎఫ్ స్వరం బి-ఫ్లాట్ ట్యూబాలో ఏమీ నొక్కకుండా వస్తుంది, సిలో మొదటి వాల్వు నొక్కాలి. రెండో ఖాళీలోని సి స్వరానికి బి-ఫ్లాట్‌లో మొదటి వాల్వు, సిలో ఏమీ అక్కర్లేదు. మీ బావగారి బ్యాండులో పై స్వరాలకి వాడే రాతైన ట్రెబుల్ క్లెఫ్‌లో శ్రుతి మార్చి రాస్తారు, కనుక అక్కడ ఇ-ఫ్లాట్ నుంచి బి-ఫ్లాట్‌కి మారినా వేళ్లు మారవు. అందుకే ఆయనకి అది చిన్న విషయంగా కనిపిస్తుంది. మీ అబ్బాయికి అది రెండు మూడు నెలల పని. స్వరాల సాధనతో మొదలుపెట్టి, వాల్వు నొక్కుతూ స్వరం పేరు పైకి అంటూ, కొత్త పాఠాల మీదే నేర్చుకోవాలి. పాత పాటలు ముందుగా ఎత్తుకుంటే వేళ్లు పాత దారినే పోతాయి. పోటీలు, ఆడిషన్లు నడుస్తున్న నెలల్లో ఈ మార్పు అస్సలు వద్దు.

బి-ఫ్లాటా సీయా అన్నదానికంటే నేను ఎక్కువ పట్టించుకునేది వాల్వుల సంఖ్య. అర శ్రుతిని వంద సెంట్లుగా లెక్కేస్తారు. రెండో వాల్వు అర శ్రుతి దించుతుంది, మొదటిది ఒక శ్రుతి, మూడోది ఒకటిన్నర. విడివిడిగా నొక్కితే సరిగ్గా ఉండేలా గొట్టాలు కోస్తే, కలిపి నొక్కినప్పుడు పొడవు చాలదు. ఒకటి, మూడు కలిపితే స్వరం దాదాపు 30 సెంట్లు పైకి పోతుంది. మూడూ కలిపితే 50 సెంట్లు దాటుతుంది, అంటే స్వరం రెండు స్వరాల నడుమ నిలుస్తుంది. తయారీదారులు మూడో గొట్టం కాస్త పొడుగు చేసి సర్దుతారు, అయినా పూర్తిగా పోదు. మూడు వాల్వుల ట్యూబాలో గీతల కింద సి స్వరం, దాని కిందున్న బి ఎప్పుడూ పైకి లాగుతున్నాయంటే పిల్లవాడి చెవిని తప్పు పట్టకండి.

నాలుగో వాల్వు ఒంటరిగానే రెండున్నర శ్రుతి దించుతుంది, కాబట్టి ఒకటి-మూడు బదులు అది నొక్కితే ఆ సి సరిపోతుంది. కింది బికి రెండు-నాలుగు నొక్కుతారు. అక్కడ కూడా 24 సెంట్ల తేడా మిగులుతుంది. కారణం సులువే. నాలుగో వాల్వు గొట్టమే సుమారు 6 అడుగులు, అది నొక్కగానే వాయిద్యం 24 అడుగులది అయిపోతుంది. 18 అడుగులకి కొలిచి కోసిన రెండో వాల్వు ముక్క 24 అడుగులకి ఎలా చాలుతుంది? ఈ మిగులును సర్దడానికి మూడు దారులున్నాయి. అమెరికన్ వాద్యకారులు ఎడం చేత్తో మొదటి వాల్వు స్లైడును (పొడవు సర్దే జారుడు గొట్టం) వాయిస్తూనే లాగుతారు. సి ట్యూబాల్లో చాలావాటికి అయిదో వాల్వు పెడతారు. బ్రిటిష్ పద్ధతిలో, 1874లో బ్లెయిక్లీ కనిపెట్టిన కాంపెన్సేటింగ్ ఏర్పాటు ఉంటుంది: నాలుగో వాల్వు నొక్కితే గాలి మళ్లీ మొదటి మూడు వాల్వుల్లోంచి వెళ్లి, అక్కడున్న చిన్న అదనపు గొట్టాలు చుట్టి వస్తుంది, తక్కువైన పొడవు తనంతట తనే కలుస్తుంది. బెసన్ కంపెనీ సావరిన్ ఇ-ఫ్లాట్ అలాంటిదే. మీ బావగారు దాన్ని అంత మెచ్చుకోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది. దానికి బదులుగా బరువు పెరుగుతుంది, కింది స్వరాల్లో ఊపిరికి కొంచెం అడ్డు తగులుతుంది.

ఒక స్వరం మాత్రం ఏ ట్యూబాలోనైనా శ్రుతి కొలిచే పరికరమైన ట్యూనర్‌తో పేచీ పెడుతుంది. బి-ఫ్లాట్ ట్యూబాలో మధ్య గీత మీద డి స్వరం వాల్వులు లేకుండా ఊదితే 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. తంబురా మంద్ర షడ్జం మీటితే తనంతట తాను వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. చెవికి హాయిగా ఉంటుంది, పియానో గాంధారం కంటే కిందుంటుంది. బ్యాండు అంతా బి-ఫ్లాట్ కార్డు (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టినప్పుడు ఆ డిని అలాగే వదిలేస్తే అందంగా కలుస్తుంది. వేరే కార్డులో అది షడ్జమో పంచమమో అయితే ఒకటి-రెండు నొక్కి పలికించి చూడమనండి. ఒకే స్వరానికి రెండు పట్లు (వాల్వులు నొక్కే తీర్లు) అలవాటు చేయించే టీచరు దొరకడం అదృష్టం.

వాల్వు పైకీ కిందికీ కదిలే పిస్టనా, గుండ్రంగా తిరిగే రోటరీయా అన్నదానికి నా జవాబు పొట్టిది: స్కూలు వయసులో పిస్టన్. వారానికి రెండుసార్లు ఒక్కో పిస్టన్‌కి నాలుగైదు చుక్కల నూనె, దాని నంబరు చూసి దాని గూట్లోనే పెట్టడం, ఇంతే సేవ. పిస్టన్ ఇరుక్కుంటే చాలాసార్లు గూటికి తగిలిన చిన్న సొట్టే కారణం. బలవంతంగా నొక్కకుండా రిపేరు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లాలి. రోటరీలో స్వరం నుంచి స్వరానికి జారడం నునుపుగా ఉంటుంది. కానీ మీటని రోటరుకి కలిపే లింకేజీ కీళ్లు అరిగితే టకటకమంటాయి, ఆపే రబ్బరు ముక్కలు నలిగితే రోటరు పూర్తిగా తిరగదు. వెనక మూత విప్పితే రోటరు మీద గీతా, పక్కనున్న గీతా కలిసి కనిపించాలి. కలవకపోతే స్వరం మూసుకుపోయినట్టు వినిపిస్తుంది, వాయించేవాడు తన ఊపిరే తక్కువనుకుంటాడు.

పరిమాణం విషయంలో 3/4, 4/4, 5/4, 6/4 అని రాస్తారు, వీటికి ఉమ్మడి కొలత లేదు, ప్రతి కంపెనీది దాని లెక్కే. 6/4 శబ్దం గదినంతా నింపుతుంది, ఊపిరి కూడా అంతే తింటుంది. 4/4 దాటొద్దు. శరదృతువులో మార్చింగ్ బ్యాండుకి ఎటూ సూసాఫోన్ (ఒంటికి చుట్టుకుని మోసే ట్యూబా) ఇస్తారు. ఇత్తడిది 13 కిలోలకు పైనే, ఫైబర్‌గ్లాసుది తేలిక. మైదానంలో చలి పెరిగితే ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 3 సెంట్లు శ్రుతి దిగుతుంది, అక్కడ ట్యూనర్ చూసి కంగారుపడక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు పెట్టాలనిపిస్తే పెదవులు ఆనించి ఊదే సొంత మౌత్‌పీస్ కొనండి. బాక్ 18 కానీ, లోతైన గరాటులా ఉండే కాన్ హెల్బర్గ్ కానీ బి-ఫ్లాట్‌కి బాగా కుదురుతాయి. అమెరికన్, యూరోపియన్ అని కాడలు రెండు లావుల్లో వస్తాయి. దూర్చితే దాదాపు అంగుళం లోపలికి వెళ్లి ఊగకుండా నిలవాలి. ఊగితే అది ఆ వాయిద్యానిది కాదు, శ్రుతి అంతా చెదురుతుంది.

రేపు సి కొనే రోజు వస్తే, కొత్త మేలైనవి పది వేల డాలర్లు దాటుతాయి కాబట్టి పాతవే చూస్తారు. మిరాఫోన్ 186 రోటరీ సిలోనూ బి-ఫ్లాట్‌లోనూ దొరుకుతుంది, పాత బజారులో తరచుగా కనిపిస్తుంది. పాతదేదైనా ముందు మౌత్‌పీస్ దూర్చే గొట్టం చూడండి. దాని మీద గులాబీ, ఎర్ర చుక్కలుంటే ఇత్తడిలోంచి జింకు పోతోందని అర్థం, అది లోపల మొదలై బయటికొచ్చిన తెగులు. తర్వాత వాల్వు నొక్కకుండా దాని స్లైడును కొంచెం లాగి, మూడు నాలుగు సెకన్లు ఆగి వాల్వు నొక్కండి. టప్పున శబ్దం వస్తే బిగువు ఉన్నట్టు. రాకపోతే గాలి కారుతోంది, ఆ మరమ్మతు ఖరీదైనది. కింది పెద్ద వంపులో సొట్టలు చూడ్డానికి వికారంగా ఉన్నా స్వరానికి పెద్దగా చేటు చేయవు. సన్నగొట్టాల్లో చిన్న నొక్కు మాత్రం చేస్తుంది. మొదటి వాల్వు స్లైడు కూర్చున్నచోటి నుంచే ఎడం చేతికి అందాలి, రెండు వేళ్లతో కదలాలి.

శ్రుతి పరీక్షకి ముందు పది నిమిషాలు ఊది వాయిద్యాన్ని వెచ్చబెట్టాలి. ఆ తర్వాత అబ్బాయి కళ్లు మూసుకుని స్వరం పట్టాలి, మీరు ట్యూనర్ చూసి రాసుకోవాలి. చూస్తూ ఊదితే పెదవి తెలియకుండానే సర్దేస్తుంది, వాయిద్యం లోపం కనిపించదు. ఒక స్వరం 15 సెంట్లు తప్పినా వేరే పట్టుతో సరిపోతే ఫర్వాలేదు. ఏ పట్టుతోనూ కుదరని స్వరాలు రెండున్నా వదిలేయండి, కంపెనీ పేరు ఎంత పెద్దదైనా సరే. చివరగా మీరు ముప్ఫై నలభై అడుగుల దూరంలో, వీపు తిప్పి కూర్చోండి. అబ్బాయి అవే ఎనిమిది బార్లను (తాళం లెక్కన విడదీసిన సంగీత భాగాలు) స్కూలు బి-ఫ్లాట్ మీదా కొత్తదాని మీదా, ఒకసారి మెల్లగా ఒకసారి గట్టిగా వాయించాలి. వాయించేవాడి చెవి దగ్గర పెద్దగా మోగేది గదిలో మొద్దుగా వినిపించడం తరచుగా జరుగుతుంది. వారం రోజులు ఇంటికి తీసుకెళ్లి ఇలా పోల్చుకోనివ్వని దుకాణంలో కొనకండి.