ఆఫీసులో మన విశ్వాసానికి సాక్ష్యంగా ఎలా బతకాలని అడిగావు కదా తల్లీ

ప్రభువు నామంలో వందనాలు తల్లీ. నీ ఉత్తరం మీ పెద్దమ్మ చదివి వినిపించింది. ఉద్యోగంలో చేరి నెల తిరక్కముందే ఆఫీసు గ్రూపులో రోజూ బైబిలు వాక్యం పెడుతున్నావట, ఎవరూ పలకట్లేదని బెంగపడుతున్నావట. ముందు అది ఆపు. అది పని కోసం పెట్టుకున్న గ్రూపు. నీ స్టేటస్‌లో పెట్టుకుంటే ఎవరూ కాదనరు.

నేనూ తక్కువ తినలేదులే. కొత్తలో నా టేబుల్ అద్దం కింద 'ప్రేమ దీర్ఘకాలము సహించును' అని రాసున్న కార్డు ఒకటి, వచ్చేవాళ్లకు కనబడాలని అటువైపు తిప్పి పెట్టాను. ఒకరోజు పింఛను కాగితాల కోసం మూడోసారి తిరిగిన ముసలావిడ మీద గట్టిగా అరిచేశాను, తప్పు ఆవిడది కూడా కాదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లాక మా అటెండరు ఒక్క మాటా అనకుండా అద్దం పైకెత్తి, ఆ కార్డుని నా వైపు తిప్పి పెట్టి, ఖాళీ టీ గ్లాసులు తీసుకుని పోయాడు. ఆయన మన విశ్వాసి కాదు. నేను రిటైరయ్యేదాకా ఆ కార్డు అలాగే ఉంది.

అందుకని నీకు చెప్పేవన్నీ చిన్న సంగతులే. ఆటో డబ్బులు నీ వంతు అడగకముందే ఇచ్చెయ్. పనిలో తప్పు నీదైతే నాదేనని ఒప్పుకో, పక్కమ్మాయి మీదికి నెట్టకు. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుందని మీ టీమ్ లీడర్‌కి ముందే చెప్పు, దానికి బదులు దీపావళికో సంక్రాంతికో ఊరెళ్లాలనుకునే వాళ్ల డ్యూటీ నువ్వు తీసుకో. క్రిస్మస్‌కి వాళ్లు నీ డ్యూటీ చెయ్యకపోయినా లెక్కలు తియ్యకు. ప్రసాదం ఇస్తే, నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే నవ్వుతూ వద్దండీ అను, అంతే. అక్కడ ప్రసంగం మొదలుపెట్టావో, మళ్లీ నీ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు ఉండరు.

ఒకరికి సాయం చేసినప్పుడు, పనిలో పనిగా ఆదివారం చర్చికి రమ్మని మాత్రం అడగకు. మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి గుర్తుందా? 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అల్లాడేవాళ్లకు కూలి పని చూపించాడు. అయితే గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లకూ ఇవ్వలేదు. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఆ అంకె మైకులో మోగిపోతుంది గానీ, ఆయన ఆగిన ఆ నెలల గురించి ఎవరూ ఎత్తరు. నాకైతే ఆ నెలలే పెద్దవిగా కనబడతాయి.

నీ రూమ్మేట్‌కి మూడు రోజులుగా జ్వరమని రాశావు. జావ కాచి ఇవ్వు, టెస్టుకి తోడు వెళ్లు. ప్రార్థన చెయ్యనా అని ఒక్కసారి అడుగు, వద్దంటే నీ మంచం మీద కూర్చుని మనసులో చేసుకో. రిపోర్టు ఏం వచ్చిందో మీ పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పు, అడుగుతోంది.