కేబీఆర్ పార్కు లాంటి చోటుని నేషనల్ పార్కుగా ఎవరు ప్రకటిస్తారు? వేరే దేశాల్లోనూ ఇదే పద్ధతా?

మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 35 కింద, రెండు దశల్లో. మొదటిది ఉద్దేశం తెలిపే నోటిఫికేషన్. ఆపై కలెక్టర్ స్థానిక భాషలో ప్రకటన వేయిస్తారు; హక్కులున్నవాళ్లు 2 నెలల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టుకోవాలి. అవన్నీ తేలి, హక్కులు ప్రభుత్వానికి దఖలుపడ్డాకే తుది నోటిఫికేషన్. ఫైళ్లు ఏళ్లతరబడి ఆగేది సాధారణంగా ఈ మధ్యలోనే. అభయారణ్యంలో కలెక్టర్ కొన్ని హక్కులు కొనసాగనివ్వొచ్చు. నేషనల్ పార్కులో పశువుల మేతకూ వీల్లేదు.

అమెరికాలో నేషనల్ పార్కుకి కాంగ్రెస్ చట్టం చెయ్యాలి. ఫెడరల్ భూమిని నేషనల్ మాన్యుమెంట్ (ఇంకో రకం రక్షిత స్థలం) చెయ్యడానికి మాత్రం 1906 చట్టం కింద అధ్యక్షుడి ప్రకటన చాలు.

ఇంగ్లండ్‌లో, నేషనల్ పార్కులకి కాదుగానీ వేరే రకం రక్షిత స్థలాలకి, తిరగేసిన పద్ధతి ఉంది: ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యమున్న స్థలమని యజమానికి నోటీసు ఇవ్వగానే రక్షణ మొదలు. అభ్యంతరాలు తర్వాత వింటారు. 9 నెలల్లో ఖరారు చెయ్యకపోతే నోటీసు చెల్లదు.