ఇక్కత్ చీర పంపితే ప్రింటు చీర తిరిగొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్నలో విషయం ఇది: 4,200 రూపాయల పోచంపల్లి ఇక్కత్ చీర అమ్మారు, రిటర్న్ కవర్లో అదే రంగు ప్రింటు చీర వచ్చింది, రీఫండ్ అప్పటికే వెళ్ళిపోయింది. ఇలాంటివి ఎలా ఎదుర్కోవాలని అడిగారు. సూటిగా చెప్పాలంటే, రిటర్న్ ఇంటికొచ్చాక మీ చేతిలో ఉండేది సగం పనే. మిగతా సగం, చీర ప్యాక్ చేసిన రోజే అయిపోయింది. అయినా ఇప్పుడు మీ చేతిలో ఉన్న సగం గురించే ముందు మాట్లాడుకుందాం.

రిటర్న్ కవరు రాగానే కత్తెర తీయకండి. ఫోన్ స్టాండుకి పెట్టి, బల్ల మొత్తం కనబడేలా వీడియో మొదలుపెట్టండి. మధ్యలో ఆపొద్దు. ఆపి అతికించిన వీడియోకి విలువ లేదు. కవరు అన్ని వైపులా చూపించాలి, ఎయిర్‌వే బిల్ (కవరు మీద కొరియర్ వాళ్ళు అతికించే చీటీ) నంబరు కెమెరాకి దగ్గరగా పెట్టాలి, తూకం మీద పెట్టి గ్రాములు కనబడనివ్వాలి. కోసేటప్పుడు టేపు ఉన్న చోట కాకుండా పక్క నుంచి కోయండి. టేపు మీద టేపు వేసి ఉంటే అది దారిలో ఎవరో విప్పారనడానికి గుర్తు. దాన్ని మీరే కోసేస్తే, తప్పు కస్టమర్‌దా కొరియర్‌దా అన్నది ఇక తేలదు.

చీర బయటికి తీశాక మడతల మీదే చూసి వదిలేయకండి. కొంగు నుంచి జాకెట్ ముక్క దాకా పూర్తిగా విప్పండి. ఇక్కత్‌లో నూలుకి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు వెనక్కి తిప్పితే వెలిసినట్టుంటుంది, గీతలు మరీ తీరుగా ఉంటాయి. ఈ రెండు వైపులూ వీడియోలో పక్కపక్కన పడితే, మీరు అమ్మే ప్లాట్‌ఫామ్ (ఆన్‌లైన్ అమ్మకాల సైటు) తరఫున మీ క్లెయిమ్ చూసేవాళ్ళకి చేనేత గురించి ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది.

అసలు చీరే తిరిగొచ్చినా కట్టుకుని పంపారా అన్నది ఇంకో తలనొప్పి. కింది అంచు చూడండి. ఫాల్ కుట్టి విప్పేస్తే ఒక్క అంచు మీదే, సుమారు రెండున్నర మీటర్ల మేర, వరసగా సూది రంధ్రాలు కనిపిస్తాయి. అయితే చేనేత చీరకి రెండు అంచుల వెంటా, మొదటి నుంచి చివరి దాకా సన్న రంధ్రాలుండటం మామూలే. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా వెడల్పుగా పట్టి ఉంచే పిన్నుల గుర్తులవి. ఈ తేడా తెలియక పాపం కట్టని కస్టమర్‌తో గొడవ పెట్టుకునే అమ్మకందారులు ఉన్నారు. సెంటు వాసన, నడుము దగ్గర నలిగిన కుచ్చిళ్ళ గీతలు, కొంగు మీద పిన్ను గుర్తు, వీటిలో రెండైనా కలిస్తేనే మాట్లాడండి.

క్లెయిమ్ అదే రోజు వేయండి. గడువు ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి ఒక్కోలా ఉంటుంది, చాలా చోట్ల కొద్ది రోజులే. రాసేటప్పుడు "కస్టమర్ దొంగ" అని రాయకండి. "పంపినప్పుడు ట్యాగ్ నంబరు ఇది, బరువు 640 గ్రాములు. తిరిగొచ్చినదానికి ట్యాగ్ లేదు, బరువు 410 గ్రాములు" అంటే చాలు. అంకెలకు ఎదురు చెప్పడం కష్టం.

ఆ అంకెలు రావాలంటే పంపిన రోజే రాసి ఉండాలి, ప్యాక్ చేసిన రోజే అయిపోయిందని నేను మొదట అన్న సగం ఇదే. కొంగు దగ్గర, కట్టుకుంటే కనబడే చోట, తెంపితే మళ్ళీ పెట్టలేని ప్లాస్టిక్ ట్యాగ్ వేయండి. దాని నంబరు బిల్లు మీద రాయండి. తూకం మీద పెట్టి ఫోటో తీయండి. పెట్టె కూడా చిన్నదే వాడండి. కొరియర్ వాళ్ళు చాలామంది పెట్టె సైజును బట్టి కూడా బరువు లెక్కకట్టి, రెండింటిలో ఎక్కువదానికి ఛార్జీ వేస్తారు: 30, 25, 6 సెంటీమీటర్ల కొలతలు గుణించి 5000తో భాగిస్తే 0.9 కిలో వస్తుంది. లోపల 640 గ్రాములే ఉన్నా 0.9 కిలో లెక్కనే కట్టాలి, అదీ రానూపోనూ.

ఇక "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్, అన్‌బాక్సింగ్ వీడియో తప్పనిసరి" అని ఎర్ర అక్షరాలతో పెట్టే బోర్డులు. పనికిరావు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, చెప్పినదానికి తేడాగా ఉన్నా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫోటోకి ఫిల్టర్ వేసి, మెరూన్‌ని చిలకపచ్చ పక్కన ధగధగలాడించి, "కొద్దిగా రంగు తేడా ఉండొచ్చు" అని కింద రాస్తే తప్పించుకోలేరు. పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా ఒక్క ఫోటో కలిపి చూడండి, రంగు పేరుతో వచ్చే రిటర్నులు తగ్గుతాయి.

వాట్సాప్ ఆర్డర్లకి ఒక జాగ్రత్త. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పంపండి. కార్డుతో కట్టి "మా తమ్ముడి నంబరుకి యూపీఐ చేయండి" అంటే ఒప్పుకోకండి. రేపు అదే కార్డు బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేస్తే రెండుసార్లు కట్టినట్టవుతుంది. పంపాక యూటీఆర్ నంబరు (ఆ బ్యాంకు లావాదేవీ గుర్తింపు నంబరు) కస్టమర్‌కి ఇచ్చేయండి, "ఇంకా రాలేదు" అన్న ఫోన్లు ఆగుతాయి.

మీకు జీఎస్‌టీ ఉంటే వెనక్కొచ్చిన చీరకి క్రెడిట్ నోట్ (బిల్లులో ఆ మొత్తం తగ్గించినట్టు చూపే పత్రం) వేయడం మరవొద్దు. చీర అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు, లేదా ఆ ఏడాది జీఎస్‌టీ లెక్కల వార్షిక రిటర్న్ వేసే లోపు, ఏది ముందైతే అది గడువు. దాటితే అమ్ముడుపోని చీరకి పన్ను కట్టినట్టే. మీ అమ్మకాల మీద ప్లాట్‌ఫామ్ ముందే పట్టుకునే 0.5 శాతం పన్ను (టీసీఎస్) కూడా రిటర్నులు పోనూ మిగిలిన అమ్మకం మీదే ఉండాలి. నెలనెలా సరిచూసుకోండి.

మీకొచ్చిన ప్రింటు చీర మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, కొరియర్‌కీ వద్దు. వచ్చిన కవరుతో సహా, ఎయిర్‌వే బిల్ చిరగకుండా, క్లెయిమ్ తేలేదాకా విడిగా దాచండి. మొదటి క్లెయిమ్ తిరస్కరిస్తే అప్పీల్లో మళ్ళీ ఫోటోలు అడగవచ్చు.