ఆప్టిప్లెక్స్ 9020లో ఆర్‌టీఎక్స్ 3060: ఆ సాటా కన్వర్టర్ వద్దండి

మీ డెల్ 9020 మినీ టవర్‌లో ఉన్న 290 వాట్ల పవర్ సప్లై మీదే ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు నడుస్తుందని, సాటా (హార్డ్‌డిస్క్‌కి పవర్ ఇచ్చే కనెక్టర్) నుంచి కార్డుకి కావాల్సిన 8 పిన్‌కి మార్చే కన్వర్టర్ చాలని షాపులో చెప్పారన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ కార్డు 170 వాట్లు లాగుతుంది. మదర్‌బోర్డులో కార్డు గుచ్చే స్లాటు ఇచ్చేది 75, మిగతా 95 కేబుల్ నుంచే రావాలి. సాటా కనెక్టర్‌ 12 వోల్టుల లైను గట్టిగా 54 వాట్లు మోస్తుంది. గేమ్ ఆడుతుండగా ఆ ప్లాస్టిక్ కరిగిపోవచ్చు, ఒక్కోసారి అంటుకోవచ్చు కూడా.

మంచి 550 వాట్ల ఏటీఎక్స్ (మామూలు డెస్క్‌టాప్ సైజు) సప్లై కొనండి. ఈ డెల్ బోర్డులో మెయిన్ పవర్‌కి మామూలుగా ఉండే 24 పిన్ సాకెట్ ఉండదు, 8 పిన్‌దే ఉంటుంది. కాబట్టి 24 నుంచి 8కి మార్చే డెల్ అడాప్టర్ తప్పనిసరి. ఇక్కడే చాలామంది పొరపడతారు: సప్లై నుంచి వచ్చే సీపీయూ 8 పిన్ కేబుల్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ వైరింగ్ వేరు. దాన్ని ఆ మెయిన్ సాకెట్‌లో బలవంతంగా దూర్చితే బోర్డు పోతుంది. సీపీయూకి ఆ 8 పిన్‌ని 4+4గా విడదీసి ఒక సగం, కార్డుకి 6+2 పిన్లున్న పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు పవర్) కేబుల్ పెట్టండి.

కార్డు కొనేముందు స్లాటు నుంచి హార్డ్‌డిస్క్ గూడు దాకా టేపుతో కొలవండి. మూడు ఫ్యాన్లది పట్టడం కష్టం, రెండు ఫ్యాన్ల పొట్టి మోడల్ చూడండి. బిగించాక మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకే పెట్టాలి.

సప్లై మార్చే ఉద్దేశం లేకపోతే, అదనపు పవర్ పిన్ లేని జీటీఎక్స్ 1650 తీసుకోండి, 75 వాట్లలోనే నడుస్తుంది.